సింగపూరు చేను, మూడు పతకాలు

ప్రతి మహానవమికి మట్మారిలోని మా ఇంట్లో ఆయుధపూజకు నాగలి, కొడవళ్ళు, కుట్టుమిషను, ట్రాక్టరు తాళంచెవి అన్నీ వరసగా పెడతాం. వాటి చివర ఒక చిన్న ఇనుప పెట్టె కూడా పెడతాం. మూత తెరిచి, లోపలున్న మూడు పతకాలకు బొట్టు పెట్టి, హారతిచ్చి, మళ్ళీ మూసేస్తాం. మా పెద్దతాత, అంటే మా తాతకు అన్న, సింగపూరు నుంచి తిరిగొచ్చాక దాచుకున్న పెట్టె అది. మిగతా ఏడాదంతా అటక మీదే ఉంటుంది.

పోయిన పండక్కి మా పిల్లల్లో ఒకడు నక్షత్రం లాంటి పతకాన్ని చేతిలోకి తీసుకుని, "ఇది ఏం చేసినందుకు ఇచ్చినారు?" అని అడిగాడు. ఇంట్లో పెద్దవాళ్ళలో ఒకరు "జపానోళ్ళ విమానం కూల్చినందుకు" అన్నారు. ఇంకొకరు "కాదప్పా, దెబ్బ తగిలిన దొరను భుజాన మోసుకొచ్చినందుకు" అన్నారు. మేము కూడా చిన్నప్పుడు ఈ రెండు మాటలూ విన్నవాళ్ళమే. బళ్ళో గొప్పగా చెప్పుకున్నవాళ్ళమే. కానీ ఆ రోజు మాకు ఏం మాట్లాడాలో తోచలేదు. అప్పటికి కొన్ని నెలలుగా పెట్టెలోని కాగితాలు, ఆ యుద్ధం గురించిన పుస్తకాలు పక్కపక్కన పెట్టుకుని చదువుతున్నాం. ఆ పతకాలు విమానం కూల్చినందుకు ఇచ్చేవి కావు, దొరను మోసినందుకు ఇచ్చేవీ కావు అని మాకు తెలిసిపోయింది.

ఇది రాస్తే మా వాళ్ళలో కొందరికి బాధ కలగొచ్చు. అయినా రాయాలనే అనుకున్నాం. ఎందుకో చివరిదాకా చదివితే తెలుస్తుంది.

పెట్టెలో ఏముంది

ముందు ఉన్నది ఉన్నట్టుగా చెప్తాం. మూడు పతకాలు. రెండు పసుపు పచ్చటి లోహంతో ఆరు కొనల నక్షత్రాలు, ఒకటి తెల్లటి గుండ్రటి బిళ్ళ. భుజం మీద పెట్టుకునే ఇత్తడి అక్షరాల బిళ్ళ ఒకటి, దాని మీద ఇంగ్లీషులో హైదరాబాద్ అని ఉంది. అంచులు చిరిగిన డిశ్చార్జి పుస్తకం. జపాన్ వాళ్ళు మలయాలో అచ్చేసిన పది డాలర్ల నోటు, దాని మీద అరటిచెట్టు బొమ్మ. కొబ్బరిచిప్పతో చేసిన గరిటె. అడుగున గీతలు గీసిన సత్తు పళ్ళెం.

ఇంట్లో అందరి చూపూ పతకాల మీదే ఉండేది. గరిటె, పళ్ళెం ఎప్పుడూ పూజకు రాలేదు. ఒకప్పుడు ఆ పళ్ళేన్ని పాత సామాన్లవాడికి వేసేయబోతే మా అవ్వే అడ్డం పడిందని చెప్తారు.

పతకాలు ఏం చెప్తాయి

మొదటి నక్షత్రం పేరు 1939-45 స్టార్. రెండో ప్రపంచయుద్ధంలో రణరంగంలో పనిచేసిన వాళ్ళకిచ్చింది. రెండోది పసిఫిక్ స్టార్. మలయాలో అయితే 1941 డిసెంబరు 8 నుంచి 1942 ఫిబ్రవరి 15 దాకా జరిగిన పోరాటంలో ఉన్న సైనికులకు ఇది వర్తించింది. తుపాకి పట్టినవాడికైనా, వంటవాడిగా చేరినవాడికైనా ఆ నక్షత్రం ఒకటే. దాని రిబ్బను మధ్యలో పసుపు, ఆకుపచ్చ ఉంటాయి, అడవికీ ఇసుక తీరానికీ గుర్తుగా. పక్కన ముదురు నీలం, లేత నీలం, ఎరుపు గీతలు నౌకాదళానికి, వైమానిక దళానికి, సైన్యానికి. మూడోది వార్ మెడల్. యుద్ధకాలంలో 28 రోజులు పూర్తి ఉద్యోగంలో ఉంటే చాలు, అది వస్తుంది. ఒకవైపు ఆరో జార్జి రాజు తల, ఇంకోవైపు రెండు తలల డ్రాగన్‌ను తొక్కి నిలబడ్డ సింహం.

ఈ మూడు పతకాలూ లక్షల మందికి ఇచ్చారు. ఒకడు చేసిన సాహసానికి ఇచ్చే పతకాలు వేరే. విక్టోరియా క్రాస్ సరే, భారతీయ సైనికులకు ఇండియన్ ఆర్డర్ ఆఫ్ మెరిట్, ఇండియన్ డిస్టింగ్విష్డ్ సర్వీస్ మెడల్ లాంటివి ఉండేవి. అలాంటిదొకటి వచ్చి ఉంటే డిశ్చార్జి పుస్తకంలో రాసేవాళ్ళు. మా పెద్దతాత పుస్తకంలో ఆ గడి ఖాళీగా ఉంది.

గుండ్రటి పతకం వెండిది అని కూడా మా ఇంట్లో అనేవాళ్ళు. ఒక కరువు ఏడాది దాన్ని కుదువ పెట్టడానికి రాయచూరు తీసుకుపోతే, అంగడాయన గీటురాయి మీద రుద్ది చూసి, "ఇది వెండి కాదు, ఇంటికి తీసుకపోండి" అన్నాడట. నిజమే, అది రాగి, నికెల్ కలిపిన లోహం. ఆ గీటు గుర్తు అంచున ఇప్పటికీ ఉంది. వెండిది కాకపోవడమే మంచిదైంది. అయి ఉంటే ఈ రోజు పెట్టెలో ఉండేది కాదు.

రెండు హైదరాబాదులు

ఇత్తడి బిళ్ళ మీది హైదరాబాద్ అన్న మాట మమ్మల్ని చాలా రోజులు తిప్పలు పెట్టింది. మన ప్రాంతంలో ఇంకా కొన్ని ఇళ్ళలో ఇలాంటి బిళ్ళలు ఉండొచ్చు కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

ఆ యుద్ధంలో హైదరాబాద్ పేరుతో రెండు వేరు వేరు సైన్యాలుండేవి. ఒకటి బ్రిటిషు ఇండియా సైన్యంలోని 19వ హైదరాబాద్ రెజిమెంట్. దాని మూలం నిజాం ఖర్చుతో ఇంగ్లీషువాళ్ళు నడిపిన హైదరాబాద్ కంటింజెంట్. ఆ కంటింజెంట్ ఖర్చు కోసమే 1853 ఒప్పందంలో బేరారుతో పాటు మన కృష్ణా తుంగభద్రల నడుమ భూమిని కూడా ఇంగ్లీషువాళ్ళకు అప్పగించారు. 1860లో రాయచూరు సీమ తిరిగి నిజాంకు వచ్చింది. అంటే కొన్నాళ్ళు మన ఊళ్ళ శిస్తు తిన్న పటాలమే అది. కానీ రెండో ప్రపంచయుద్ధం నాటికి అందులో పేరొక్కటే హైదరాబాద్. మనుషులు కుమావూ కొండలవాళ్ళు, అహీర్లు, జాట్లు. అందుకే 1945 అక్టోబరులో దాని పేరు కుమావూ రెజిమెంట్ అని మార్చారు. ఈ రెజిమెంట్ నాలుగో పటాలం కూడా మలయాలో పోరాడింది. 1942 జనవరి 7న స్లిమ్ నది దగ్గర జపాన్ ట్యాంకుల దెబ్బకు చెల్లాచెదురైంది. తర్వాత స్వతంత్ర భారత సైన్యానికి అధిపతి అయిన కొడగు వీరుడు జనరల్ తిమ్మయ్య అంతకు ముందు ఆ పటాలంలోనే సింగపూరులో పనిచేశాడు.

రెండోది నిజాం సొంత సైన్యం. అప్పట్లో మట్మారి, రాయచూరు నిజాం సంస్థానంలోనివే కదా. సంస్థానాల సైన్యాల్ని యుద్ధానికి పంపినప్పుడు మలయాలో విమానాశ్రయాల కాపలాకు కొన్ని పటాలాలు వెళ్ళాయి. మైసూరు, బహవల్పూర్, జింద్ సంస్థానాలవి, హైదరాబాద్ సంస్థానానిది. మా పెద్దతాత డిశ్చార్జి పుస్తకం మొదటి పేజీలో ఉన్నది ఈ సంస్థానం పటాలమే, ఫస్ట్ హైదరాబాద్ ఇన్‌ఫంట్రీ. ఆ పేరు చదివిన రోజు మాకు సంతోషం వేసింది. దాని గురించి పుస్తకాల్లో ఏం రాశారో చూశాక ఆ సంతోషం పోయింది.

కోట భారు

మలయా ఈశాన్య మూల, సముద్రం ఒడ్డున కోట భారు అనే ఊరుంది. అక్కడొక విమానాశ్రయం. 1941 డిసెంబరు 8 అర్ధరాత్రి దాటాక జపాన్ సైన్యం దిగింది ఇక్కడే. పెర్ల్ హార్బర్ మీద బాంబులు పడడానికి దాదాపు గంట ముందు. పసిఫిక్ యుద్ధం మొదలైంది హవాయిలో అని అందరూ అనుకుంటారు గానీ, మొదటి తుపాకులు పేలింది ఈ ఇసుకలోనే. తీరం కాపలా బ్రిగేడియర్ కీ కింద ఉన్న ఎనిమిదో ఇండియన్ బ్రిగేడుది. ఒడ్డున బంకర్లలో డోగ్రా పటాలం వాళ్ళు తెల్లారేదాకా పోరాడి చాలామంది చనిపోయారు. ఆస్ట్రేలియా వాళ్ళ హడ్సన్ విమానాలు జపాన్ ఓడల మీద బాంబులు వేశాయి, అవజిసాన్ మారు అనే ఓడ తగలబడింది.

విమానాశ్రయం కాపలా హైదరాబాద్ పటాలానిది. సాయంత్రానికల్లా శత్రువు విమానాశ్రయం కంచె దాకా వచ్చేశాడని పుకారు పుట్టింది. అది అబద్ధం. కానీ వైమానిక సిబ్బంది దాన్ని నమ్మి, భవనాలకు నిప్పు పెట్టి లారీలెక్కి వెళ్ళిపోయారు. రన్‌వే పాడుచేయకుండానే వెళ్ళిపోయారు. ఆ గందరగోళంలో హైదరాబాద్ పటాలం కూడా చెదిరిపోయింది. దాని కమాండింగ్ ఆఫీసరు లెఫ్టినెంట్ కల్నల్ హెండ్రిక్స్ తన మనుషుల్ని ఆపడానికి ప్రయత్నించి చనిపోయాడు. ఆయన్ని చంపింది శత్రువు కాదని, సొంత సైనికుల్లోని వాళ్ళేనని చరిత్రకారులు రాశారు.

పుస్తకాల్లో మా పెద్దతాత పటాలానికి దొరికిన చోటు అంతే. రెండు మూడు వాక్యాలు. ఆ రెండు మూడు వాక్యాలూ తలవంపులవే. మేము ఆ పేజీ చదివి పుస్తకం మూసేశాం. కొన్నాళ్ళు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. "దొరను భుజాన మోసుకొచ్చినాడు" అన్న మాట ఎక్కడ నుంచి పుట్టిందో అప్పుడు అనుమానం వచ్చింది. అలాంటి మచ్చ ఉన్న పటాలం గురించి ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి ఇంట్లోవాళ్ళే ఎవరో కట్టిన మాట అయ్యుండొచ్చు.

చివరికి మా నాయనను అడిగాం. ఆయన చిన్నప్పుడు పెద్దతాత పక్కన మంచం మీద పడుకునేవాడు. ఆయన ఏమాత్రం ఉలిక్కిపడలేదు. "ఆ సంగతి పెద్దనాయనే చెప్పినాడు కదా," అన్నాడు. పెద్దతాత మాటలు ఆయనకు ఇప్పటికీ అట్లే గుర్తున్నాయి: "మేమూ పరిగెత్తినాం నాయనా. చీకటి, మంట. ఎవురు మనోళ్ళో ఎవురు కాదో తెలీలే. బూట్లు గూడా యాడనో పోయినాయి. దొరను సంపినోళ్ళలో నేను లేను. ఆపినోళ్ళలో గూడా లేను."

ఇంటి పెద్దలు రెండు తరాలు దాచాలని చూసిన మాటను ఆయన ఒక పిల్లవాడికి అడగకముందే చెప్పేశాడు.

ఇక్కడ ఒక మాట అనాలి. ఆ సైనికుల్ని సమర్థించడానికి కాదు. విమానాశ్రయం కాపలా కోసం అని పంపిన సంస్థానం పటాలాన్ని, దేశం కాని దేశంలో, ఆ యుద్ధంలో మొట్టమొదటి రోజు దాడి ముందు నిలబెట్టారు. మలయా మొత్తంలో బ్రిటిషు సైన్యానికి ఒక్క ట్యాంకు కూడా లేదు. పుకారు విని ముందు లారీలెక్కింది ఎవరో కూడా అదే పుస్తకాల్లో ఉంది. పరుగెత్తింది ఒక్క నిజాం సిపాయిలే కాదు. డెబ్బై రోజుల్లో మొత్తం సైన్యమే సింగపూరు దాకా వెనక్కి వచ్చింది.

ఫారర్ పార్కు తర్వాత

1942 ఫిబ్రవరి 15న బుకిట్ తీమాలో ఫోర్డు కారు ఫ్యాక్టరీలో జనరల్ పెర్సివల్ జపాన్ జనరల్ యమషితాకు లొంగిపోయాడు. రెండు రోజులకు, 17వ తేదీన, తెల్లవాళ్ళను చాంగీ వైపు నడిపించి, భారతీయ సైనికుల్ని ఫారర్ పార్కు మైదానానికి రమ్మన్నారు. దాదాపు 45,000 మంది. ఒక బ్రిటిషు అధికారి వాళ్ళను జపాన్ మేజర్ ఫుజివారాకు అప్పగించాడు. ఆ తర్వాత కెప్టెన్ మోహన్ సింగ్ ఆజాద్ హింద్ ఫౌజు గురించి మాట్లాడాడు. చాంగీ జైలు మీద ఎన్నో పుస్తకాలు, సినిమాలు వచ్చాయి. మన వాళ్ళ చెర మీద రాసింది చాలా తక్కువ. ఎందుకంటే ఆ రోజు నుంచి రెండు గుంపుల దారులు వేరైపోయాయి.

ఫౌజులో చేరాలా వద్దా అన్నది ఒక్కొక్కరూ తేల్చుకోవలసి వచ్చింది. దేశం కోసం అని మనస్ఫూర్తిగా చేరినవాళ్ళు వేల మంది. తిండి కోసం, స్నేహితుల కోసం, భయం వల్ల చేరినవాళ్ళూ ఉన్నారు. చేసిన ప్రమాణం తప్పకూడదని, లేదా ఇంట్లోవాళ్ళకు జీతం ఆగిపోతుందేమో అని చేరనివాళ్ళూ ఉన్నారు. మొదటి ఫౌజు 1942 డిసెంబరులో చెదిరిపోయింది. 1943 జూలైలో సుభాష్ చంద్రబోసు సింగపూరు వచ్చాక రెండోసారి లేచింది.

చేరనివాళ్ళను జపాన్ వాళ్ళు యుద్ధఖైదీలుగా కాక కూలీ దళాలుగా లెక్కగట్టారు. 1929 జెనీవా ఒప్పందం మీద జపాన్ సంతకం పెట్టింది గానీ దాన్ని ఆమోదించలేదు. వేల మందిని ఓడల్లో కుక్కి న్యూ గినీ, న్యూ బ్రిటన్ దీవులకు తోలుకుపోయారు. న్యూ గినీలో వెవాక్ వైపు దాదాపు 3,000 మంది పోతే బతికింది బహు కొద్దిమంది. అక్కడ సెపిక్ నది ప్రాంతంలో 1945 సెప్టెంబరు చివర్లో ఆస్ట్రేలియా వాళ్ళకు దొరికిన ఒక గుంపులో మిగిలింది 11 మంది. ఇంటికి బయలుదేరిన వాళ్ళలో పది మంది నవంబరు 16న విమానం కూలి చనిపోయారు. జపాన్ అధికారుల విచారణలో సాక్ష్యం చెప్పడానికి ఆగిపోయిన జమేదార్ చింత్ సింగ్ ఒక్కడే మిగిలాడు. ఆ విచారణల్లో జపాన్ వాళ్ళ వాదన ఏమిటంటే, వీళ్ళు ఖైదీలే కారు, మా సైన్యంలో పనివాళ్ళు అని. చచ్చి బతికినవాళ్ళు, మేము ఖైదీలమే అని కూడా రుజువు చేసుకోవలసి వచ్చింది.

మా పెద్దతాత అంత దూరం పోలేదు. సింగపూరులోనే, సెలెటార్ వైపు క్యాంపులో ఉండి రేవులో మూటలు మోశాడు. ఫౌజులో చేరలేదు. "బోసుబాబును చూసినా, దూరం నుంచి. గొప్ప మనిషి" అనేవాడు. ఎందుకు చేరలేదని అడిగితే, "మా అమ్మకు నెలనెలా దుడ్లు పోతాయి కదా, అవి నిలిచిపోతాయేమో అనుకున్యా" అన్నాడు. అంతకంటే పెద్ద కారణం ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

పళ్ళెం, గరిటె, నోటు

పళ్ళెం అడుగున గీతలు 31. పౌర్ణమికి ఒక గీత చొప్పున గీశాడట. చెరలో ఉన్నది మొత్తం 43 నెలలు. మరి మిగతా గీతలు ఏవి అని మా నాయన అడిగితే, "లెక్కపెడితే దినం పొడుగైతాది, అందుకే మానుకున్యా" అన్నాడట.

గరిటె ఒక తెలుగు కూలీ ఇచ్చింది. మలయా తోటల్లో విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి పోయిన తెలుగువాళ్ళు అప్పటికే చాలామంది ఉండేవాళ్ళు. రబ్బరు తోటలు, పెరాక్ వైపు కొబ్బరి తోటలు వాళ్ళ చేతుల మీద పెరిగినవే. జపాన్ కాలంలో తోటలు మూతపడి, అరవవాళ్ళతో పాటు ఎందరో తెలుగువాళ్ళు సయాం బర్మా రైలుమార్గం పనికి పోయి తిరిగి రాలేదు. వాళ్ళకు పతకాలు లేవు, రాళ్ళ మీద పేర్లు కూడా లేవు. రేవులో ఒకనాడు ఎవరో "ఓలమ్మో" అనడం విని మా పెద్దతాత బరువు దింపి అటు పరిగెత్తాడట. మాట యాస వేరే, అయినా తెలుగే. ఆ మనిషి ఇచ్చిన గరిటె అది. పేరు ఎవరికీ గుర్తు లేదు.

అరటి నోటు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. అడిగినవాడికి పది డాలర్లు చెల్లిస్తామని జపాన్ ప్రభుత్వం పేరుతో దాని మీద అచ్చయి ఉంది. 1945 సెప్టెంబరులో బ్రిటిషువాళ్ళు తిరిగి రాగానే అవి చిత్తుకాగితాలైపోయాయి.

ఈ వస్తువుల గురించి ఎందుకింత చెప్తున్నామంటే, చెరలో గడిచిన కాలానికి పతకం లేదు. పసిఫిక్ స్టార్ మలయాకు పెట్టిన గడువు లొంగిపోయిన రోజుతో ముగిసిపోతుంది. ఆ తర్వాతే కదా అసలు కష్టం మొదలైంది. అమెరికా 1985లో యుద్ధఖైదీల కోసం ఒక పతకం పెట్టింది. బ్రిటిషు ఇండియా పెట్టలేదు, మన దేశంలోనూ అలాంటిది లేదు. మా పెద్దతాత పతకాలు డెబ్బై రోజుల సంగతి చెప్తాయి. 43 నెలల సంగతి చెప్పేవి ఈ పళ్ళెం, ఈ గరిటె. మేము ఇన్నాళ్ళూ పూజ చేసింది డెబ్బై రోజులకే.

ఇంటికి రావడం

సింగపూరు పడిపోయాక మట్మారికి వచ్చిన కాగితంలో జాడ తెలియదు అని తప్ప ఇంకేమీ లేదు. ఊళ్ళో కొందరు కర్మ చేసేయమన్నారు. మా ముత్తవ్వ ఒప్పుకోలేదు. కోడలి బొట్టు తీయనివ్వలేదు. మంత్రాలయం రాయరకు మొక్కుకుని గురువారాలు ఒక్కపొద్దు ఉండేది. మా వాళ్ళు తుంగభద్ర అవతల నుంచి వచ్చి మట్మారిలో నిలిచి అప్పటికి రెండు తరాలే. నది దాటి మఠానికి నడిచిపోవడం అలవాటే.

తిరిగొచ్చిన ఖైదీలను ప్రభుత్వం మూడు రంగులుగా విడదీసింది. ఫౌజులో చేరనివాళ్ళు తెలుపు, అటూ ఇటూ అనుకున్నవాళ్ళు బూడిద, గట్టిగా ఫౌజుతో నిలిచినవాళ్ళు నలుపు. నలుపు, బూడిద వాళ్ళను ఇంటికి పంపారు, బాకీ జీతం పోయింది. తెలుపు వాళ్ళకు చెరలో ఉన్న కాలానికి జీతం ఇచ్చారు. మా పెద్దతాత తెలుపు. ఆ డబ్బుతో ఊరికి దక్షిణాన రెండెకరాల నల్లరేగడి కొన్నాడు. దాన్నే ఇప్పటికీ సింగపూరు చేను అంటాం. ఊళ్ళో చాలామందికి ఆ పేరు ఎందుకొచ్చిందో తెలీదు.

ఆ చేను దగ్గర ఆయన ఒకసారి అన్న మాట ఒకటుంది. "నా పక్క మంచపోడు ఫౌజులో చేరినాడు. వానికేమీ ఇయ్యలే. ఇద్దరమూ ఒగ గంజే తాగినాం." అదేమిటో, ఆ చేని మొదటి పంట జొన్నలు ఇంటికి తేకుండా మఠానికి పంపించాడట.

ఇంటికొచ్చాక సగ్గుబియ్యం పాయసం మాత్రం ముట్టేవాడు కాదు. పండగ పూట ఎంత బతిమాలినా వద్దనేవాడు. సగ్గుబియ్యం చేసేది కర్రపెండలంతో కదా. జపాన్ కాలంలో సింగపూరు అంతా బియ్యం దొరక్క ఆ దుంపే తిని బతికింది. మాకు ఇది అర్థం కావడానికి ఇన్నేళ్ళు పట్టింది.

పాతరలో దాచిన పతకాలు

1948లో ఇంకో కష్టం వచ్చింది. రజాకార్ల కాలం. నిజాం సిపాయి అన్న పేరు అప్పుడు రెండు వైపులా ముప్పే. ఒకవైపు మాజీ సైనికుడివి కదా రమ్మని పిలిచేవాళ్ళు, ఇంకోవైపు నిజాం మనిషివి కదా అని అనుమానించేవాళ్ళు. మన ఊళ్ళ నుంచి చాలామంది తుంగభద్ర దాటి అప్పటి మద్రాసు రాష్ట్రంలోని ఆదోని వైపు పోయారు. మా వాళ్ళూ పోయారు. పోయే ముందు ఈ పెట్టెను జొన్నల పాతరలో, గింజల అడుగున పెట్టారు. సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలి, అయిదు రోజుల్లో నిజాం సైన్యం లొంగిపోయింది. ఇంటికి తిరిగొచ్చి పాతర తీస్తే గింజలు పుచ్చిపోయాయి, రిబ్బన్లకు బూజు పట్టింది. పసిఫిక్ స్టార్ రిబ్బను మీది నల్లటి మరక అప్పటిదే.

ఇంకో ఎనిమిదేళ్ళకు, 1956 నవంబరు 1న, రాయచూరు మైసూరు రాష్ట్రంలోకి వచ్చింది. అంతకు మూడేళ్ళ ముందే ఆదోని ఆంధ్రలోకి పోయింది. నిజాం కోసం సైన్యంలో చేరి, ఇంగ్లీషు రాజు యుద్ధం చేసి, జపాన్ చెరలో ఉండి, హైదరాబాద్ రాష్ట్రంలో భూమి కొని, కర్ణాటకలో కన్నుమూసిన మనిషి మా పెద్దతాత. మట్మారి విడిచి ఇల్లు కట్టుకోలేదు.

పింఛను కాగితం

1972లో కేంద్రం స్వాతంత్ర్య సమరయోధులకు పింఛను పెట్టింది. ఆజాద్ హింద్ ఫౌజు వాళ్ళకూ వర్తించింది. అప్పుడు ఎవరో వచ్చి, "తాతా, నువ్వు సింగపూరులో ఉంటివి, బోసును చూస్తివి. ఫౌజులో ఉన్యానని ఒక మాట రాసియ్యి, మిగతాది మేము చూసుకుంటాం" అన్నారట. అప్పటికి ఇంట్లో ఇబ్బందులే. వరసగా వానలు లేవు. అందరూ రాసివ్వమనే అన్నారు. ఆయన వేలిముద్ర వేయలేదు, సంతకమూ పెట్టలేదు. "లేంది ఉన్నట్టు చెప్తే, ఉన్నది గూడా పోతాది" అన్నాడు. ఆ మాట మీద కొన్నాళ్ళు ఇంట్లో గొడవ కూడా అయిందని మా అవ్వ చెప్పేది.

ఆ మాట విన్నాక ఇంక మాకు సందేహం లేకపోయింది. పింఛను కోసం ఒక్క అబద్ధం చెప్పని మనిషి పేరు మీద మేము విమానం కూల్చిన కథ మోస్తూ తిరుగుతున్నాం. కోట భారులో పరిగెత్తానని ఒప్పుకున్నవాడి మెడలో వీరచక్రం వేయాలని చూశాం. ఆయనకు అది అవసరం లేదు.

ఇప్పుడేం చేస్తున్నాం

మొదటిది, చింతపండుతో తోమడం మానేశాం. ప్రతి నవమికీ మెరవాలని మా అవ్వ తోమి తోమి నక్షత్రాల మధ్యలోని రాజుగారి అక్షరాలు అరిగిపోయాయి. ఇలాంటివి ఇంట్లో ఉంటే మీరూ తోమకండి. మెత్తటి పొడి గుడ్డతో తుడిచి, తేమ తగలకుండా పెడితే చాలు. పాత రిబ్బనుకు మరక ఉన్నా కొత్తది కుట్టించకండి.

రెండోది, పతకాలు ఒకరికి, పళ్ళెం ఒకరికి అని పంచుకోవద్దని అన్నదమ్ములందరం ఒప్పుకున్నాం. కొనడానికి ఒకరు అడిగారు కూడా. పతకాలు మాత్రమే కావాలన్నారు, గరిటె వద్దన్నారు. గరిటె లేకుండా ఆ పతకాలు ఎవరివైనా కావచ్చు. పెట్టె పెట్టెగానే ఉంటుంది.

మూడోది, ఈ కథను ఉన్నది ఉన్నట్టు రాసి పెట్టెలో పెట్టాం. పశ్చిమగోదావరిలో మిలిటరీ మాధవరం అనే ఊళ్ళో సైన్యానికి పోయినవాళ్ళకు స్మారకం ఉంది, పిల్లలు చూసి నేర్చుకుంటారు. మన సీమలో అలాంటిది లేదు. ఇంటింటి పెట్టెలే మన స్మారకాలు. మీ ఇంట్లో ఉంటే ముందు డిశ్చార్జి పుస్తకం చూడండి, పటాలం పేరు పూర్తిగా చదవండి, హైదరాబాద్ అని ఉంటే ఏ హైదరాబాదో తేల్చుకోండి. తిరిగి రానివాళ్ళ పేర్లు సింగపూరులో క్రాంజీ శ్మశానంలోని గోడల మీద చెక్కి ఉన్నాయి. కామన్వెల్త్ యుద్ధసమాధుల సంస్థ జాబితాల్లో పేరుతో వెతకొచ్చు. ఇంట్లో ముసలివాళ్ళు ఉంటే అన్నిటికంటే ముందు వాళ్ళను అడగండి. మేము ఆలస్యం చేశాం, మా అదృష్టం కొద్దీ మా నాయన ఉన్నాడు.

పిల్లవాడికి జవాబు చెప్పాం. "ఇది మలయాలో యుద్ధం జరిగినప్పుడు అక్కడున్నందుకు ఇచ్చినారు. పెద్దతాత భయపడినాడు, పరిగెత్తినాడు, పట్టుబడినాడు, మూడున్నరేళ్ళు కూలి పని చేసినాడు, ఇంటికొచ్చినాడు, ఎవరితోనూ అబద్ధం చెప్పలేదు." వాడు కాసేపు ఆలోచించి, "పళ్ళెం మీద ఇంకా గీతలు ఎందుకు లేవు?" అన్నాడు. అదీ చెప్పాం.

ఈ ఏడు మహానవమికి పళ్ళెం, గరిటె కూడా పూజలో ఉంటాయి. వాటికీ బొట్టు పెడతాం. నైవేద్యం సింగపూరు చేని జొన్నలతోనే. పాయసంలో సగ్గుబియ్యం వేయం.